బకెట్లో బంగాళాదుంప

బాత్రూంలోంచి వచ్చిన చప్పుడు బంగాళాదుంపది. అందులో అతనికి అనుమానం లేదు. నీళ్ళలో పడ్డ వస్తువు పైన ఒక చప్పుడు చేస్తుంది, మునిగి అడుగు తాకాక ఇంకొకటి చేస్తుంది. ఈ రెండోది మొద్దుగా, ప్లాస్టిక్ మీద తగిలినట్టు వచ్చింది. కమోడ్ పింగాణీది. అది అలా మోగదు.

"బంగాళాదుంప," అన్నాడు మూసి ఉన్న తలుపుతో. "బకెట్లో."

లోపల బకెట్లో నీళ్ళు కదిలాయి.

"చిన్నదా, పెద్దదా?" అని అడిగింది లోపలి గొంతు.

"చిన్నది. తొక్క కూడా తియ్యలేదు."

"తొక్క సంగతెలా తెలిసింది?"

"నువ్వు ఏనాడైనా దేనికైనా తొక్క తీశావా?"

తలుపు తెరుచుకుంది. తొమ్మిదేళ్ళ కూతురు తడి బంగాళాదుంపని గౌను అంచుతో తుడుచుకుంటూ బయటికొచ్చింది. ఒకచోట కుదురుగా నిలబడని పిల్ల కాబట్టి ఇంట్లో ఆమెని మిడత అంటారు. ఓడిపోయిన మొహమేమీ పెట్టలేదు. దుంపని తీసుకెళ్ళి వంటింటి బుట్టలో మిగతా దుంపల మధ్య పెట్టి, ఏది తనదో తెలియకుండా బుట్టని ఒకసారి కుదిపింది.

"అయిందా?" అని పొయ్యి దగ్గర్నుంచి తల్లి అడిగింది.

"కాలేదు," అన్నాడు తండ్రి.

ఆ ఇంట్లో ఆ ప్రశ్నకి ముందూ వెనకా ఇంకే మాటా అక్కర్లేదు. రోజూ పొద్దున పాల గిన్నె పొంగే వేళకి తల్లి అడుగుతుంది, పిల్ల జవాబు చెబుతుంది. మొదట్లో పిల్ల జవాబునే నమ్మేవాళ్ళు. వరసగా "అయింది, అయింది" అని చెప్పిన పిల్ల ఒక సాయంత్రం గట్టిపడ్డ పొట్ట పట్టుకుని సోఫాలో ముడుచుకుపోయేసరికి, తలుపు బయట నిలబడి, విని చెప్పే బాధ్యతని తల్లి భర్తకి అప్పగించింది.

అప్పగించడానికి కారణం ఉంది. అతను చెవి మిషన్లు బిగించే మనిషి. బజారులో మేడమీద అతని గది. అందులో మెత్తని గోడలున్న చిన్న అర. వచ్చినవాళ్ళని ఆ అరలో కూర్చోబెట్టి, చెవులకి తొడుగులు పెట్టి, సన్నని చప్పుళ్ళు వినిపిస్తాడు. వినపడితే మీట నొక్కాలి. పెద్ద వయసువాళ్ళు చాలామంది వినపడకపోయినా నొక్కుతారు. అందుకని మధ్యలో ఏ చప్పుడూ పెట్టకుండా ఊరుకుంటాడు. ఆ ఖాళీలో కూడా మీట నొక్కినవాళ్ళని చూసి, ఏమీ అనకుండా, మళ్ళీ మొదలుపెడతాడు. మనుషులు వినపడటం గురించి చెప్పినన్ని అబద్ధాలు ఇంక దేని గురించీ చెప్పరని అతని నమ్మకం. ఇప్పుడు దాని పక్కన ఇంకొకటి చేరింది.

అసలు గొడవ లైట్‌హౌస్‌తో వచ్చింది. మిడత క్లాసు పిల్లలందరినీ సముద్రం ఒడ్డున లైట్‌హౌస్ చూపించడానికి తీసుకెళ్తున్నారు. రెండు రాత్రులు అక్కడే. మెట్లన్నీ ఎక్కించి, పెద్ద దీపం వెలిగించేటప్పుడు పక్కనే నిలబెడతారట. మిడత ఆ దీపం గురించి తినేటప్పుడు మాట్లాడింది, స్నానం చేసేటప్పుడు మాట్లాడింది, నిద్రలో కూడా మాట్లాడింది.

"కడుపు దారిలో పడితే వెళ్దువుగాని," అంది తల్లి. "లేకపోతే లేదు."

కిందటి సెలవుల్లో పిన్నిగారింట్లో ఏం జరిగిందో తల్లి మర్చిపోలేదు. అక్కడున్న నాలుగు రోజులూ పిల్లకి అవలేదు, ఎవరికీ చెప్పలేదు. చివరికి కారు వెనక సీట్లో మెలికలు తిరుగుతూ ఇంటికొచ్చింది. మళ్ళీ అలాంటిదే, ఈసారి కొత్త మనుషుల మధ్య, సముద్రం హోరులో ఎవరూ పట్టించుకోని చోట జరుగుతుందని తల్లి భయం. ఆ భయానికి ఆమె పెట్టుకున్న పేరు జాగ్రత్త.

పిల్లల డాక్టర్ దగ్గరికీ వెళ్ళారు. ఆయన పొట్ట నొక్కి చూసి, జబ్బేమీ లేదన్నాడు. నీళ్ళు బాగా తాగించండి, పళ్ళు పెట్టండి, కూరగాయలు పెట్టండి అన్నాడు. చివర్లో ఇంకేదో కూడా అన్నాడు గానీ అప్పటికే ఇద్దరూ లేచి కుర్చీలు వెనక్కి జరుపుతున్నారు.

తల్లికి ఆ మూడూ చాలా తక్కువ వైద్యంలా అనిపించాయి. ఆమె మందుల షాపు కౌంటర్‌లో పనిచేస్తుంది. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా మాత్రలు కత్తిరించి కవర్లలో వేసి ఇచ్చే మనిషికి మాత్రలంటే చచ్చేంత అపనమ్మకం. షాపు మూసేలోపు ఒకసారి వెనక తలుపు గుండా బయటపడి, రెండు వీధుల అవతల మూలికల కొట్టుకి వెళ్ళేది. వెళ్ళేటప్పుడు ఒంటిమీది తెల్ల కోటు విప్పి సంచిలో కుక్కుకునేది. మందుల షాపు మనిషి మూలికల కొట్లో కనిపిస్తే రెండు కొట్ల పరువూ పోతుందని.

మూలికల కొట్టావిడ కళ్ళజోడు గొలుసుతో మెళ్ళో వేలాడుతూ ఉంటుంది, ఎప్పుడూ కళ్ళకి ఎక్కదు. సీసాలని వాసన చూసి పోల్చుకుంటుంది.

"పిల్లలకి ఇవ్వచ్చా?" అని తల్లి ఒక ఆకుపచ్చ పొడి సీసా చూపించింది.

"చెంచాలో సగం. పేగులకి తల్లిలాంటిదమ్మా ఇది."

ఇంటికొచ్చాక ఆ మాట చెబితే, "నాకు ఆల్రెడీ తల్లి ఉంది కదా," అంది మిడత.

అలా మొదలైంది. పొద్దున నానబెట్టిన ఎండుద్రాక్ష. తర్వాత సోంపు మరిగించిన నీళ్ళు. పదకొండింటికి స్కూల్లో తినడానికి బొప్పాయి ముక్కలు. అన్నం మీద అవిసె గింజల పొడి. సాయంత్రం ఆకుపచ్చ పొడి కలిపిన గ్లాసు. దాని రంగు చూసి మిడత దానికి మొసలి నీళ్ళని పేరు పెట్టింది. ముక్కు మూసుకుని తాగి, "మొసలి వెళ్ళిపోయింది, కొంచెం తోక మిగిలింది," అని అడుగున మిగిలిన మడ్డి చూపించేది.

"పిల్లకి తిండి పెడుతున్నావా, తోట వేస్తున్నావా?" అని అమ్మమ్మ కూతుర్ని అడిగింది. ఆవిడ చెవి మిషన్ అల్లుడు స్వయంగా బిగించిందే. ఎక్కువసేపు డబ్బాలోనే ఉంటుంది. వినదగ్గ సంగతేదైనా ఇంట్లో జరిగేలా ఉంటే తీసి పెట్టుకుంటుంది.

"నువ్వూరుకోమ్మా."

"వినపడ్డంలేదు," అంది అమ్మమ్మ హాయిగా.

బంగాళాదుంప తర్వాత రోజు సబ్బు ముక్క పడింది. అది మరీ తేలిక. ఆ తర్వాత ఉడికించిన బీట్‌రూట్ ముక్క. ఈసారి మిడత బకెట్‌ని వదిలేసి కమోడ్‌లోనే వేసింది. పింగాణీ చప్పుడు సరిగ్గా వచ్చింది. తండ్రి తలుపు ఇవతల చెవి ఒగ్గి ఒక క్షణం ఆగాడు.

"మెత్తగా ఉంది," అన్నాడు. "ఉడికింది. కానీ పలకలుగా ఉంది. చాకుతో కోసింది."

"బీట్‌రూట్," అని ఒప్పుకుంది లోపలి గొంతు. "ఏం తేడా వచ్చింది?"

"మూలలున్నాయి. మూలలున్నది పడితే నీళ్ళు పగులుతాయి. గుండ్రంది పడితే మూసుకుంటాయి."

"ఓహో."

ఆ 'ఓహో'లో ఉన్న శ్రద్ధ అతనికి నచ్చింది. తన పని గురించి ఇంతవరకు ఎవరూ అతన్ని ఇలాంటి ప్రశ్న అడగలేదు. భోజనాల బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుంటే తండ్రీకూతుళ్ళకి ఉప్పు అందించుకోవడం తప్ప మాటలుండవు. అతను మొదట్నుంచీ మొహాల ముందు మాట పెగలని మనిషి. మధ్యలో తలుపొకటి ఉండేసరికి మాటలు వచ్చాయి. పొద్దున్నే ఏడింటికి, ఒక చేత్తో కాఫీ గ్లాసు పట్టుకుని, ఒక భుజం గోడకి ఆనించి నిలబడటం కోసం అతను నిద్రలేవడం మొదలుపెట్టాడు. పిల్లకి అవాలని కోరుకుంటున్నానా, అవకూడదనా అని ఒకసారి తనని తాను అడిగి, జవాబు వచ్చేలోపు కాఫీ తాగేశాడు.

అరటిపండు రోజున మాత్రం అతను దాదాపు మోసపోయాడు. బాగా ముగ్గిన పండు, తొక్క తీసి, సగానికి విరిచి వేసింది. బరువు సరిపోయింది, మెత్తదనం సరిపోయింది. నీళ్ళు పగల్లేదు, మూసుకున్నాయి. అతను "అయింది" అని కేకెయ్యడానికి నోరు తెరిచాడు. అప్పుడు లోపల్నుంచి "హమ్మయ్య" అని ఒక నిట్టూర్పు వచ్చింది.

"పండు బాగుంది," అన్నాడు. "నిట్టూర్పు బాగాలేదు. తొందరపడ్డావు."

లోపల కాలితో బకెట్‌ని తన్నిన చప్పుడు. అది నిజమైన చప్పుడు.

"అమ్మకి చెప్పేయొచ్చుగా నాన్నా, అయిందని. నీకేం పోయింది?"

"విననిది విన్నానని చెప్పలేను."

"అయితే బస్సు నేను లేకుండా వెళ్ళిపోతుంది."

ఆ మాట నిట్టూర్పులా కాదు, సరైన సమయానికి వచ్చింది. అతని చేతిలో కాఫీ చల్లారింది.

తలుపు తెరుచుకుంది. మిడత కళ్ళు ఎర్రగా ఉన్నాయి, కానీ గడ్డం ముందుకి పెట్టుకుని ఉంది.

"నాన్నా, నీకు రోజూ అవుతుందా?"

"గడియారంలాగా," అంది వంటింట్లోంచి తల్లి, అతని తరఫున కొంచెం గర్వంగా.

"అయితే రేపు నువ్వెళ్ళు. నేను బయట నిలబడి వింటాను. నీకు అయితే, మొసలి నీళ్ళు రెండు పూటలూ తాగుతా, లైట్‌హౌస్ అని నోరెత్తను. అవ్వకపోతే, నన్ను పంపించాలి."

తల్లి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆమె పెళ్ళైనప్పట్నుంచీ చూస్తున్న గడియారం అది. "సరే," అంది. "పందెం."

"నన్నెవరూ అడగలేదు," అన్నాడతను.

"మీరు గడియారం కదా, గడియారాన్ని ఎవరు అడుగుతారు?" అంది భార్య.

మర్నాడు పొద్దున అతను రోజూ వెళ్ళే వేళకే లోపలికి వెళ్ళి గడియ పెట్టుకున్నాడు. కూర్చున్నాడు. తువాలు, బ్రష్షులు, మూలన ఆ చరిత్రకెక్కిన బకెట్. అంతా ఎప్పట్లాగే ఉంది. తలుపు అవతల మాత్రం ఎప్పట్లాగ లేదు. అక్కడ ఊపిరులున్నాయి. ఒకటి మిడతది, ముక్కుతో పీల్చి నోటితో వదిలేది. ఇంకొకటి భార్యది. మూడోదాన్ని అతను పోల్చుకునేలోపే 'కూ' మని సన్నని కూత వినిపించింది.

"అత్తయ్యా," అన్నాడు లోపల్నుంచి. "మిషన్ సౌండ్ తగ్గించండి. తలుపుకి దగ్గరగా పెడితే కూస్తుంది."

"వినపడాలనే కదా పెట్టుకున్నా నాయనా," అంది అత్తగారు. "మీరు కానివ్వండి. మొహమాటపడకండి."

"అమ్మమ్మా, మాట్లాడకు. నాన్నకి డిస్టర్బెన్స్."

అతను మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఇన్నేళ్ళుగా తన శరీరంలో ఎంతో విధేయంగా ఉన్న భాగమొకటి, ఎవరో పేరుపెట్టి పిలిచిన పిల్లాడిలా బిగుసుకుపోయింది. అతను దాన్ని బుజ్జగించాడు. బజారులో తన గది సంగతులు ఆలోచించాడు, వేరే ఏదో ఆలోచిస్తున్నట్టు దానికి నటించి చూపించాడు. అది నమ్మలేదు. బయట ముగ్గురు ఎదురుచూస్తున్నారని దానికి తెలుసు. వాళ్ళు ప్రేమతో ఎదురుచూస్తున్నారని కూడా తెలుసు. ప్రేమ వల్ల పరిస్థితి ఇంకా పాడైంది. శత్రువులైతే వాళ్ళ ముందు పట్టుదలకైనా సాధించేవాడేమో.

మెత్తని అరలో తను కూర్చోబెట్టే మనుషులు గుర్తొచ్చారు. చెవులకి తొడుగులు పెట్టుకుని, మీట మీద బొటనవేలు వేసి, గాజు అవతల తన మొహం వైపు చూసే ఆ చూపు. ఏమీ వినపడనప్పుడు వాళ్ళెందుకు నొక్కుతారో అతనికి అప్పుడు అర్థమైంది. అవతలి మనిషి ఎదురుచూపు భరించలేక నొక్కుతారు.

ఆ వెంటే, కుర్చీ కాళ్ళు గచ్చు మీద కీచుమన్న చప్పుడు జ్ఞాపకమొచ్చింది. దాని అడుగున పిల్లల డాక్టర్ గొంతు. చప్పుళ్ళని విడదీయడమే వృత్తి అయిన మనిషి ఆ రెండింటినీ ఇప్పుడు, ఇంత ఆలస్యంగా, కమోడ్ మీద కూర్చుని విడదీశాడు. డాక్టర్ చివర్లో అన్నది ఇది. "ఇవన్నీ పెట్టాక, పిల్లని కాస్త ఒంటరిగా వదిలెయ్యండి."

"అయిందా?" అంది బయట్నుంచి భార్య, అలవాటుగా.

అతని చెయ్యి తనంతట తానే కిటికీ గూటి వైపు వెళ్ళింది. అక్కడ సబ్బు ఉంది. తనేం చేస్తున్నాడో తెలిసే లోపే దాన్ని కమోడ్‌లో జారవిడిచాడు.

తలుపు అవతల ఒక చెవి చెక్కకి ఆనిన చప్పుడు.

"నాన్నా," అంది మిడత నెమ్మదిగా, జాలిగా. "అది సబ్బు."

అతను కమోడ్‌లోకి చూశాడు.

"ఆకుపచ్చది. నిన్ననే విప్పాం."

"అయ్యో, కొత్త సబ్బే," అంది అమ్మమ్మ.

అతను బయటికొచ్చేసరికి భార్య గోడకి ఆనుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళవెంట నీళ్ళు కారేలా నవ్వుతోంది. నవ్వు ఆగాక కళ్ళు తుడుచుకుని కూతురి వైపు చూసింది. అప్పుడామె మొహంలో మళ్ళీ కారు వెనక సీటు కనిపించింది.

"పందెం పందెమే," అంది. "పంపిస్తా. కానీ బయల్దేరే రోజు పొద్దున పొట్ట చూస్తాను. రాయిలా ఉంటే మాత్రం బస్సెక్కించను. తిట్టుకున్నా సరే."

అందులో బెదిరింపు లేదు. అందుకే మిడత ఎదురుచెప్పలేదు.

బయల్దేరే రోజు పొద్దున పొట్ట రాయిలాగే ఉంది. బ్యాగ్ గుమ్మం దగ్గర సిద్ధంగా ఉంది. బస్సు స్కూలు దగ్గర్నుంచి బయల్దేరడానికి ఇంకా టైముంది, కానీ మరీ ఎక్కువ లేదు. మిడత బ్యాగ్ మీద కూర్చుని షూ లేసులు ముడేసి, విప్పి, మళ్ళీ ముడేసుకుంటోంది.

"వెళ్ళి కూర్చో తల్లీ," అన్నాడతను. "ఇవాళ ఎవరూ తలుపు దగ్గర ఉండరు."

"నువ్వు ఎక్కడున్నా నీకు వినపడుతుంది."

"వినను."

"వినకపోయినా వినపడుతుంది నాన్నా. వీధిలో వచ్చే సైకిల్ ఎవరిదో చెబుతావు నువ్వు."

అది నిజం. ఇల్లు చిన్నది. వంటింటికీ బాత్రూంకీ మధ్య ఒకే గోడ. కళ్ళకున్న రెప్పల్లాంటివి చెవులకి లేవు. అతను కాసేపు నిలబడి ఆలోచించాడు. తర్వాత తన పని సంచి తెచ్చి భోజనాల బల్ల మీద బోర్లించాడు. చెవి మిషన్ సరిగ్గా కూర్చోవడానికి ముందుగా ఆ మనిషి చెవి అచ్చు తీస్తారు. దానికి రెండు రకాల ముద్దలు కలపాలి. కలిపితే గులాబీ రంగు వస్తుంది. చెవిలో నింపితే ఐదు నిమిషాల్లో రబ్బరులా గట్టిపడుతుంది. అతను అద్దం ముందు కూర్చుని, లోపల చిన్న దూది పెట్టుకుని, కుడి చెవిలో నింపుకున్నాడు. తర్వాత ఎడమ చెవిలో. నిండుతున్నకొద్దీ పొయ్యి మీద గిన్నె మూత, వీధి, భార్య గాజులు, ఒకదాని తర్వాత ఒకటి ఆరిపోయాయి.

భార్య నోరు కదిలింది. 'ఏం చేస్తున్నారండీ' అని ఉంటుంది. అతను చెయ్యి ఊపాడు. అమ్మమ్మ అదంతా చూసి, ఇంక తన వంతేననుకుని, మర్యాదగా తన మిషన్ తీసి డబ్బాలో పెట్టి మూతవేసింది. భార్య వాళ్ళిద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఏదో గొణుక్కుంటూ, ఆరని బట్టలు బకెట్‌లో వేసుకుని మేడ మీదికెళ్ళిపోయింది.

మిడత తండ్రి ముందుకొచ్చి నిలబడింది. అతని ముక్కు దగ్గర చప్పట్లు కొట్టింది. అతను కదల్లేదు. వెనక్కి వెళ్ళి రెండు గరిటెలు తెచ్చి, అతని తల వెనక మోగించి, పక్క నుంచి వంగి అతని కళ్ళలోకి చూసింది. ఎంతోమందిని పరీక్ష చేసిన మనిషి, ఆ పరీక్షకి బుద్ధిగా కూర్చున్నాడు. అందులో అతను నెగ్గాడు.

అప్పుడామె వెళ్ళింది.

చప్పుడు లేని ఇల్లు అతనికి కొత్త. తన గుండె ఎక్కడో బావిలో కొట్టుకుంటున్నట్టుంది. ఎదురుగా గోడ మీద ఎండ పలక మెల్లగా జరుగుతోంది. అవతల గదిలో అతని కూతురు ఉంది. ఆమె ఏం చేస్తోందో, ఏ పండు విసురుతోందో, ఏడుస్తోందో నవ్వుకుంటోందో అతనికి తెలియదు. తెలియకపోవడం కష్టంగానే ఉంది. చేతులతో ఏం చేయాలో తెలియక బుట్టలోని బంగాళాదుంపలని పెద్దవీ చిన్నవీ వేరుచేశాడు.

భార్య దిగి వచ్చింది. బాత్రూం తలుపు అప్పుడే తెరుచుకుంది. తల్లి నోరు తెరిచింది. ఆ మాట నోట్లో ఆకారం తీసుకోవడం అతను చూశాడు. ఆమె పెదవులు బిగబట్టి, ఆ మాటని మింగేసి, కూతురి ముందు వంగి పొట్ట మీద అరచెయ్యి పెట్టింది. ఒకచోట నొక్కింది, పక్కన ఇంకోచోట. ఆమె భుజాలు కిందికి దిగాయి. అలాగే ఉండిపోయి, ఆ చెయ్యి తీసి గుమ్మం దగ్గరున్న బ్యాగ్ అందుకుంది.

అతను చెవుల్లోంచి అచ్చులు ఊడబీకాడు. లోకం ఒక్కసారిగా లోపలికి దూకింది. ముందుగా వినిపించింది మిడత గొంతే.

"చూపించు చూపించు."

అరచేతిలో రెండు గులాబీరంగు ముక్కలు, అతని చెవుల మెలికలన్నీ అచ్చుపడి, నత్తగుల్లల్లా ఉన్నాయి. ఆమె వాటిని తిప్పి చూసి, వెలుతురుకి పెట్టి చూసి, అడక్కుండానే గౌను జేబులో వేసుకుంది.

"అవెందుకే నీకు?" అన్నాడతను.

మిడత బ్యాగ్ భుజానికి తగిలించుకుంది. లేసులు ఈసారి గట్టిగా కట్టి ఉన్నాయి.

"లైట్‌హౌస్ దగ్గర బాత్రూం తలుపు బయట నీ చెవుల్ని పెట్టుకుంటా," అంది. "మరీ ఎవరూ లేకపోతే నాకు బోరు కొడుతుంది."